పాత కారుకు తుప్పు పట్టిన బ్రేక్ పైపులు మార్చడం: విప్పడం నుంచి ఎయిర్ తీసేదాకా

పాత కారు కొనేటప్పుడు అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. నన్నడిగితే ముందు కారు కిందికి దూరాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండికి ఉప్పుగాలి దెబ్బ మొదట తగిలేది అడుగుభాగానికే. అందులోనూ సన్నగా, ఎవరి కంటా పడకుండా పోయే బ్రేక్ పైపులకు. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండయితే ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడ మారుతి 800ని ఉదాహరణగా పెట్టుకుంటున్నాను. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైన కారు కాబట్టి ఆఖరి బ్యాచ్‌కి కూడా పదేళ్లు దాటిపోయాయి. జెన్, ఓమ్ని, పాత ఆల్టో, శాంత్రో ఉన్నవాళ్లకూ పద్ధతి ఇదే. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న కారయితే మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. దాని మాడ్యూల్‌లో గాలి చిక్కుకుంటే చాలా కార్లకు స్కానర్ పెట్టి తీయాల్సి వస్తుంది.

సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ టైముకు కారు కిందంతా హడావుడిగా నల్ల కోటింగ్ కొట్టించేవాళ్లున్నారు. పైకి కొత్తగా కనిపిస్తుంది కానీ లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. పైగా మళ్లీ చూద్దామన్నా పైపు కనపడదు.

మార్చాల్సిన పైపు ఏది?

ఈ కార్లలో ఎక్కువగా వాడే బ్రేక్ పైపు బయటి వ్యాసం 4.75 మి.మీ., అంటే అంగుళంలో పదహారింట మూడు వంతులు. గోడ మందం సుమారు 0.7 మి.మీ. మాత్రమే. స్టీలు రేకును రెండు చుట్లు చుట్టి, మధ్యలో రాగితో అతికించి, పైన జింకు పూతో ప్లాస్టిక్ పూతో వేస్తారు. టైరులో గాలి రెండు బార్ల చిల్లర ఉంటే, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఈ పైపులో పీడనం 100 బార్ దాకా పోవచ్చు. మామూలుగా తొక్కినంత కాలం బాగానే ఉన్న పైపు, అడ్డంగా గేదె వచ్చి గట్టిగా తొక్కిన రోజునే పగలడానికి కారణం ఇదే.

పైపైన గోధుమరంగు మరక ఉండి, గుడ్డతో రుద్దితే పోతే భయం లేదు. గోరుతో తడిమితే గుంటలు తగులుతున్నా, పొరలు పొరలుగా పెచ్చు లేస్తున్నా, పైపు ఒకచోట ఉబ్బినట్టున్నా మార్చేయడమే. గోడ మందంలో మూడో వంతు తుప్పు తినేస్తే ఆ పైపు పనికిరాదన్నది బ్రిటన్‌లో కార్ల తనిఖీకి వాడే కొలమానం. 0.7లో మూడో వంతంటే పావు మిల్లీమీటరు కూడా లేదు. కంటితో కొలవగలిగేది కాదు కాబట్టి అనుమానం వస్తే మార్చేయడమే మంచిది. తడిగా, జిడ్డుగా కనిపించిందంటే అసలు ఆలోచించొద్దు. ఆ కారు కదపకూడదు.

పైపు మధ్యలో చూసి బాగుందని వదిలేయకండి. క్లిప్పు ఉన్నచోట చూడండి. ప్లాస్టిక్ క్లిప్పును మెల్లగా తప్పిస్తే లోపల మట్టి గట్టిపడి ఒక చిన్న గూడు కట్టి ఉంటుంది. ఆ మట్టి వానాకాలం తడి పీల్చుకుని సంక్రాంతి దాకా ఆరదు. క్లిప్పుకు అటూ ఇటూ మెరుస్తున్న పైపు సరిగ్గా ఆ అంగుళం మేర నల్లబడి సన్నగిల్లి ఉంటుంది. అలాంటి మరికొన్ని చోట్లు: వెనక ఇరుసు మీద పైపు, పెట్రోల్ ట్యాంకు పైన వెళ్లే ముక్క, చక్రాల గూళ్లలో రబ్బరు హోస్‌కి కలిసే జాయింటు, రబ్బరు గ్రొమ్మెట్ లోంచి దూరే చోటు.

ఒక పైపు పోయిందంటే దాని పక్కదీ అదే వయసుది, అదే బురద తిన్నది. ముందు నుంచి వెనక్కి వెళ్లే రెండూ ఒకేసారి మార్చేయండి. మధ్యలో పాడైన జానెడు ముక్క కోసి, కంప్రెషన్ జాయింటు పెట్టి అతుకుదామనే మెకానిక్కు దగ్గర మాత్రం బండి వదలొద్దు. నీళ్ల పైపులకు వాడే ఆ జాయింటు ఈ పీడనం ఆపదు. తప్పనిసరై అతకాల్సి వస్తే రెండు వైపులా ఫ్లేర్ చేసి (అంటే పైపు మూతిని వెడల్పు చేసి), బ్రేకుల కోసమే తయారైన యూనియన్ అనే జాయింటుతోనే కలపాలి.

పైపు, నట్లు కొనడం

స్టీలు పైపు చవక, గట్టిది. కంపెనీ పూత ఉన్నది దొరికితే సరిపోతుంది. ఉప్పుగాలి ఊళ్లో ఉంటూ కారును ఇంకా చాలా ఏళ్లు ఉంచుకోవాలనుకుంటే రాగి, నికెల్ కలిపిన మిశ్రమం పైపు వెతకండి. తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది, ఫ్లేర్ సులువుగా వస్తుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మిచిగన్, ఒహాయో లాంటి చోట్ల ఉండే మనవాళ్లయితే వేరే పైపు గురించి ఆలోచించనే వద్దు. స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పట్టదు కానీ చాలా గట్టిది, మామూలు ఫ్లేరింగ్ కిట్టుకు లొంగదు.

ఏసీ షాపులో దొరికే మెత్తటి రాగి గొట్టం, అల్యూమినియం గొట్టం బ్రేకులకు పెట్టకూడదు. రాగి అదురుకి గట్టిపడి, కొన్నాళ్లకు ఫ్లేర్ దగ్గర చిట్లుతుంది.

విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల పాత పైపు చూపిస్తే అదే పొడవుకు నట్లతో సహా తయారుచేసి ఇచ్చే షాపు అడిగితే దొరుకుతుంది. ఫ్లేర్ మీద నమ్మకం లేనివాళ్లకు అదే ఉత్తమం. వంచడం, బిగించడం మీరు చేసుకోవచ్చు.

నట్టు దగ్గర జాగ్రత్త. జపాన్ డిజైన్ కార్లలో సాధారణంగా 10 మి.మీ. మర, 1.0 పిచ్ (మర గాట్ల మధ్య దూరం 1 మి.మీ.), చివర అంచు మడతపడిన డబుల్ ఫ్లేర్. యూరప్ డిజైన్ కార్లలో అదే మర ఉండి, చివర మాత్రం బుడగ ఆకారంలో ఉండే బబుల్ ఫ్లేర్ ఉండొచ్చు. అంబాసిడర్ లాంటి బ్రిటిష్ డిజైన్ బండ్లలో అంగుళాల మరలు రావచ్చు. అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మర 10 మి.మీ.కి చాలా దగ్గర కాబట్టి ఒకటి రెండు చుట్లు ఎక్కేసినట్టే ఉంటుంది, తర్వాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) మరలనే తినేస్తుంది. అందుకని పాత నట్టు జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి.

దగ్గర ఉండాల్సిన సామాన్లు

అన్నిటికంటే ముఖ్యమైనది ఫ్లేర్ నట్ స్పానర్. మామూలు ఓపెన్ స్పానర్ నట్టును రెండు మూలల మీదే పట్టుకుంటుంది. ఇది ఒక పక్క చిన్న చీలిక ఉన్న రింగు స్పానర్ లాంటిది, దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. మారుతికి 10 మి.మీ. సైజు. ఇది లేకుండా మొదలుపెడితే మొదటి నట్టుకే మూలలు అరిగి గుండ్రం అయిపోతుంది.

తర్వాత చిన్న ట్యూబ్ కట్టర్, సన్న ఆకురాయి, డబుల్ ఫ్లేరింగ్ కిట్టు, పైపు బెండర్, చొచ్చుకుపోయే తుప్పు స్ప్రే, వైర్ బ్రష్, బ్లీడింగ్‌కి (ఎయిర్ తీయడానికి) పారదర్శకమైన సన్న గొట్టం, ఖాళీ సీసా, పాత గుడ్డలు, కళ్లద్దాలు. బ్రేక్ ఆయిల్ సీలు తీయని కొత్త డబ్బా. ఏ గ్రేడో రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా) మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 రాసి ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, వీటిలో కలపకూడదు.

ఈ ఆయిల్ రంగును తినేస్తుంది. ఒక బొట్టు ఫెండర్ మీద పడితే తుడిచి ఊరుకోకండి, నీళ్లతో కడిగేయండి.

కారు ఎత్తడం, పాత పైపు విప్పడం

చదునైన సిమెంటు నేల మీద, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, నాలుగు జాక్ స్టాండ్ల మీద కారు నిలపండి. జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టొద్దు. ఇటుకలూ సిమెంటు బ్లాకులూ బరువుకు ఉన్నట్టుండి పిండి అయిపోతాయి, అవి స్టాండ్లు కావు. స్టాండ్ల మీదికి దించాక కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి వెళ్లండి.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తర్వాత బ్రేక్ పెడల్‌ని ఒక అంగుళం, అంగుళంన్నర కిందికి నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ఆనించి ఉంచండి. ఆ కాస్త నొక్కుడుకు మాస్టర్ సిలిండర్‌లో రిజర్వాయర్ వైపు రంధ్రం మూసుకుపోతుంది, పైపు విప్పినా ఆయిల్ ధార కట్టదు. రిజర్వాయర్ పూర్తిగా ఖాళీ అయితే తర్వాత ఎయిర్ తీయడం రెట్టింపు పని.

విప్పడానికి ముందు ప్రతి మలుపునూ, ప్రతి క్లిప్పునూ ఫోనులో ఫొటోలు తీయండి. ఇది బద్ధకించే పని కాదు.

నట్ల మీద తుప్పు స్ప్రే ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కొట్టండి. దానికంటే ముందు వైర్ బ్రష్‌తో మరల చివర, పైపు నట్టులోకి దూరే చోట శుభ్రం చేయాలి. లేకపోతే స్ప్రే మట్టికే సరిపోతుంది. నట్టు తిప్పేటప్పుడు పైపు కూడా దానితో పాటే మెలి తిరుగుతుంటే, నట్టు పైపుకు పట్టేసిందన్నమాట. పైపు ఎలాగూ పారేసేదే. నట్టుకు ఆనించి పైపు కోసేసి, ఆరు మూలల సాకెట్ ఎక్కించి తిప్పేయండి. ఇలా విప్పాల్సినవే ఎక్కువ ఉంటాయి, కాబట్టి మొదటి నుంచే అలా చేసినా తప్పులేదు. అయితే ముక్కను పారేయకుండా దాచండి, మలుపుల నమూనాకు అదే కావాలి.

నిప్పుతో వేడి చేద్దామన్న ఆలోచన వద్దు. బ్రేక్ పైపుల పక్కనే పెట్రోల్ పైపు కూడా పోతుంది. పక్కనే హోసులు, సీళ్లు కూడా రబ్బరువి.

హోస్‌ని పైపు కలిసే చోట బ్రాకెట్‌లో స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. హోస్ వైపు షట్కోణాన్ని ఒక స్పానర్‌తో పట్టుకుని నట్టును మాత్రమే తిప్పాలి. హోస్ మెలి తిరిగితే లోపలి పొర చిరుగుతుంది, బయటికి ఏమీ కనపడదు. పది పదిహేనేళ్ల హోసులయితే పైపులతో పాటే మార్చేయండి. మళ్లీ ఇంత విప్పే ఓపిక ఎవరికుంటుంది?

కొలవడం, వంచడం

పాత పైపు వెంట మెత్తటి తీగనో దారాన్నో పోనిచ్చి కొలిచి, రెండు మూడు అంగుళాలు ఎక్కువ పెట్టుకుని కోయండి. కొత్త చుట్టను సాగదీసి లాగొద్దు, నేల మీద దొర్లిస్తూ విప్పితే తిన్నగా వస్తుంది. మలుపులు పెద్దవి ముందు, చిన్నవి తర్వాత. మలుపు వ్యాసార్ధం 15 మి.మీ. కంటే తగ్గనివ్వకండి. బెండర్ లేకపోతే సాకెట్ చుట్టూ నెమ్మదిగా వంచొచ్చు. ఒకచోట నొక్కుకుపోయి చప్పిడి అయితే అంతే, ఆ పైపు పక్కన పెట్టేయండి. వెనక్కి సరిచేసినా అక్కడే చిట్లుతుంది.

చివరి ఫ్లేర్ నుంచి మొదటి మలుపు దాకా నట్టు వెనక్కి జరగడానికి జాగా ఉండాలి. మలుపు ముందే వంచేసి, తర్వాత పైపును బిగించి పట్టుకునే ఫ్లేరింగ్ పట్టీ పట్టడం లేదని చూస్తే చేసేదేమీ లేదు.

ఫ్లేర్

ఈ పని మొత్తంలో టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. లీకు వచ్చినా రాకపోయినా ఇక్కడే తేలిపోతుంది. అసలు పైపు ముట్టుకునే ముందు వృథా ముక్కల మీద చేతికి అలవాటు అయ్యేదాకా చేయండి.

కట్టర్‌ని పైపు చుట్టూ తిప్పుతూ, ఒక్కో చుట్టుకు కాస్త కాస్తగా బిగించండి. తొందరపడి బిగిస్తే అంచు లోపలికి ముడుచుకుపోతుంది. హ్యాక్‌సాతో కోయొద్దు, వాలుగా తెగుతుంది, పొడి లోపలికి పోతుంది. కోశాక ఆకురాయితో అంచును చదును చేసి, లోపలి అంచున లేచిన ముల్లును డ్రిల్ బిట్ మొనతో చేత్తోనే తిప్పి తీసేయండి. ఆ సమయంలో పైపు మూతి కిందికి ఉండాలి, పొడి బయటే రాలుతుంది.

ఇప్పుడు నట్టు తొడగండి. సరైన వైపుకే తొడిగారా, రెండో చివర నట్టు కూడా పైపు మీద ఉందా అని చూసుకోండి. ఇది మరిచిపోయి చక్కటి ఫ్లేర్‌ను కోసి పారేయని మెకానిక్కు ఉండడు.

పట్టీలో సరైన రంధ్రంలో పైపు బిగించి, కిట్టులో ఇచ్చిన డై (మెట్టు ఉన్న చిన్న అచ్చు) అడ్డంగా పెట్టి, దాని మెట్టు ఎంత ఎత్తుందో పైపు అంతే బయటికి ఉండేలా సరిచేయండి. ఎక్కువైతే ఫ్లేర్ పక్కకు ఒరుగుతుంది, తక్కువైతే మడత చాలదు. పట్టీ రెండు మరలూ గట్టిగా బిగించాలి, పైపు జారితే పని చెడుతుంది. మూతికి ఒక బొట్టు బ్రేక్ ఆయిల్ రాసి, డై పెట్టి, స్క్రూ తిప్పుతూ డై పట్టీకి ఆనేదాకా నొక్కండి. డై తీస్తే మూతి చిన్న బుడగలా ఉబ్బి కనిపిస్తుంది. బబుల్ ఫ్లేర్ ఉన్న కార్లకు ఆకారం ఇలాగే ఉంటుంది, దానికి తగిన డైతో ఇక్కడికే ఆగాలి. డబుల్ ఫ్లేర్‌కయితే డై లేకుండా కోన్ పెట్టి రెండోసారి నొక్కాలి. పైఅంచు లోపలికి మడతపడి గరాటు ఆకారం వస్తుంది. బలం చూపించొద్దు, ఆనాక పావు చుట్టు చాలు.

బయటికి తీసి వెలుతుర్లో చూడండి. చుట్టూ వెడల్పు ఒకేలా ఉండాలి, రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండాలి, లోపలి వాలు అద్దంలా నున్నగా ఉండాలి. వెంట్రుకంత గీత కనిపించినా, ఒక పక్కకు ఒరిగినా కోసేసి మళ్లీ చేయండి. నట్టు గట్టిగా బిగిస్తే అదే సర్దుకుంటుందని అనుకోవద్దు. ఒంటిమడత ఫ్లేర్ కూడా పెట్టొద్దు, బ్రేకు పీడనానికి అది చీలుతుంది.

రెండు చివరలూ అయ్యాక పైపులోకి గాలి కొట్టి, కొద్దిగా కొత్త బ్రేక్ ఆయిల్ పోసి మళ్లీ ఊది, మూతులు టేపుతో మూసేయండి.

బిగించడం

నట్టు మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే పైపు కోణం తప్పింది, స్పానర్ అందుకోకండి. అన్ని చివరలూ వేళ్లతో ఎక్కించి, పైపును క్లిప్పుల్లో కూర్చోబెట్టి, ఆఖరున స్పానర్‌తో బిగించండి. సుజుకీ కార్లలో ఈ నట్టుకు బిగింపు సుమారు 16 న్యూటన్ మీటర్లు. పొట్టి స్పానర్‌తో ఒక చేతి మణికట్టు బలం చాలు, స్పానర్‌కు పొడవాటి గొట్టం తొడిగి ఊగక్కర్లేదు.

పైపు ఎగ్జాస్టుకు దూరంగా, కదిలే భాగాలకు తగలకుండా ఉందో లేదో చూడండి. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, హోస్ టైరుకు రాసుకోవడం లేదని నిర్ధారించుకోండి.

ఎయిర్ తీయడం

పెడల్ దగ్గర ఒకరు, చక్రం దగ్గర మీరు. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మీ కారు మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించండి. చక్రం దగ్గర ఎయిర్ తీయడానికి ఉండే నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో చివరను సీసాలో ఉన్న కొత్త ఆయిల్‌లో ముంచండి.

“తొక్కు” అనగానే వాళ్లు తొక్కి పట్టుకోవాలి. మీరు నిపుల్ వదులు చేస్తే పెడల్ కిందికి పోతుంది. నిపుల్ బిగించాకే “వదులు” అనాలి. ఈ వరుస తప్పితే బయటి గాలి లోపలికి వస్తుంది. బుడగలు ఆగి, ఆయిల్ తేటగా వచ్చేదాకా చేస్తూ, నాలుగైదు తొక్కులకోసారి రిజర్వాయర్ నింపండి.

పాత కార్లలో పెడల్ కింద చెక్కముక్క పెట్టి, పెడల్ నేలకు తగలకుండా చూసుకోవాలి. మాస్టర్ సిలిండర్‌లో రోజూ కదలని భాగం గరుకుగా ఉంటుంది. సీలు అక్కడిదాకా వెళ్లిందంటే చిరిగి, పైపులు మార్చిన వారానికే మాస్టర్ సిలిండర్ మార్చాల్సి వస్తుంది.

పెడల్ స్పాంజిలా ఉంటే గాలి మిగిలి ఉంది. తొక్కి పట్టుకున్నా మెల్లగా కిందికి జారుతుంటే లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. ఈ రెంటినీ కలిపి గందరగోళపడొద్దు.

బ్యాటరీ కలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి ఒకరు ఒక నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచే భాగం) ఉన్న కారులో ఇంజిన్ నడుస్తుంటేనే పూర్తి పీడనం వస్తుంది. మీరు టార్చితో ప్రతి జాయింటునూ పొడి టిష్యూతో తుడిచి చూడండి. తడి తగిలితే నట్టు వదులు చేసి మళ్లీ బిగించి చూడండి, అప్పటికీ ఆగకపోతే ఫ్లేర్ మళ్లీ చేయాల్సిందే. అంతా పొడిగా ఉంటే ఖాళీ మైదానంలో నడక వేగంతో, తర్వాత 20, 30 కి.మీ. వేగంతో బ్రేకు వేసి చూసి, ఇంటికొచ్చి మళ్లీ టిష్యూ పట్టండి. వారం తర్వాత ఇంకోసారి.

తుప్పు నుంచి కాపాడుకోవడం

కొత్త పైపుకు పెద్ద శత్రువు నీరు కాదు, ఆరని బురద. కాబట్టి కోటింగ్ కంటే ముందు కడగడం ముఖ్యం. బీచి రోడ్డు మీద, చెరువు గట్ల మీద తిరిగేవాళ్లు వారానికోసారి కారు కింద మంచినీళ్లతో, ముఖ్యంగా చక్రాల గూళ్లు, క్లిప్పులు ఉన్న చోట్ల కడగాలి. ఉప్పునీటి బోరు నీళ్లతో కడిగితే చేసిన పనంతా వృథా.

పాత క్లిప్పులు విరిగి ఉంటే కొత్తవి వేయండి. ఇనుప క్లిప్పయితే మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి, అదురుకి పైపు పూత అక్కడే చెరుగుతుంది. రాగి-నికెల్ పైపు స్టీలు క్లిప్పుకు నేరుగా తగిలితే తడిలో క్లిప్పు తుప్పు పడుతుంది, అందుకే ప్లాస్టిక్ లేదా రబ్బరు తప్పనిసరి.

మైనం లాంటి అండర్‌బాడీ స్ప్రే, లేదా లానోలిన్ స్ప్రే పైపు మీద, నట్ల మీద పలచగా కొడితే మంచిది. ఇవి తడిని పక్కకు నెట్టి పొరలా ఉంటాయి, తుడిస్తే పోతాయి కాబట్టి తనిఖీకి అడ్డు కాదు. ఏటా వానలకు ముందు మళ్లీ కొట్టాలి. రబ్బరు హోసులకు, డిస్కులకు, డ్రమ్ములకు తగలకుండా ప్లాస్టిక్ సంచి కప్పండి. దళసరి తారు కోటింగ్ పైపుల మీద వద్దు. ఎండకు చిట్లి, ఆ చీలికలోంచి నీరు లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. కోటింగ్ షాపుకు ఇస్తే పైపులకు ముందే టేపు చుట్టమని చెప్పండి.

లోపలి తుప్పు సంగతి వేరు. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. తీసిన డబ్బాలో మిగిలింది ఏడాది తర్వాత పోయకూడదన్నది అందుకే. డాట్ 4 మరిగే స్థాయి కొత్తలో కనీసం 230 డిగ్రీలు ఉండాలి, నీరు చేరాక 155కే సరిపెట్టుకోవాలి. శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లు దిగేటప్పుడు ఆ తేడా పెడల్‌లో తెలుస్తుంది. పీల్చిన తేమ చక్రం దగ్గర బ్రేకును నెట్టే వీల్ సిలిండర్‌నీ, పైపునీ లోపలి నుంచి తింటుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చండి, అదే రోజు కారు కిందికి దూరి ఒక్కో క్లిప్పూ తప్పించి చూడండి.